సంగీతం: ఘంటసాల

2025 డిసెంబరు 4, గురువారం

ఇవాళ ఘంటసాల జయంతి. 1922లో ఇదే తేదీన గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. ఉండి ఉంటే నూట మూడేళ్లు.

ఎయిర్‌పోర్టులో పొద్దుటి నుంచీ గొడవగా ఉంది. దేశమంతా విమానాలు రద్దవుతున్నాయి. పైలట్ల డ్యూటీ గంటల నిబంధనలు మారాయట. ప్రయాణికుల విమానాల కడుపులోనే సరుకు కూడా పోతుంది కాబట్టి మా కార్గో వైపు పెట్టెలు పేరుకుపోయాయి. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నా చేసేదేమీ లేక కూర్చున్నాం. శబరిమల పోవాల్సిన స్వాములు కొందరు నేల మీదే కూర్చుని భజన అందుకున్నారు. చుట్టూ అరుపులు, కేకలు. వాళ్లు మాత్రం తాళం తప్పలేదు.

చీకటి పడ్డాక ఉందానగర్ స్టేషన్ దారిలో మా పాటల మండలి గదికి పోయాను. ఘంటసాల పటానికి దండ వేశారు. నలుగురూ నాలుగు పాటలు పాడారు. వచ్చే ఫిబ్రవరి 11న వర్ధంతికి ఫంక్షన్ హాలు తీసుకుని పెద్దగా చేద్దామని పెద్దసారు ప్రస్తావన తెచ్చారు. ఆయన బడిపంతులుగా రిటైరైన మనిషి. ఏ పాటలు పాడాలో అప్పటికే ఒక కాగితం మీద రాసుకొచ్చారు. అది నా చేతికిచ్చి చదవమన్నారు.

అన్నీ మంచి పాటలే. పెండ్యాల కట్టినవి, సాలూరి రాజేశ్వరరావు కట్టినవి, మాస్టర్ వేణు కట్టినవి, కె.వి.మహదేవన్ కట్టినవి. చివరిదాకా చదివి, "సార్, ఇందుల ఆయన బాణీ కట్టిన పాట ఒక్కటి గూడ లేదు" అన్నాను.

"ఘంటసాల పాటంటే ఘంటసాల పాడిన పాటే గదయ్యా" అన్నారు సారు.

తబలా వాయించే తమ్ముడు, మా క్యాబ్ అన్న అందరూ తలలూపారు. నేను ఊరుకోలేదు. సగం పాటలు ఆయన సంగీతం కట్టినవే ఉండాలని పట్టుబట్టాను. తెలుగువాళ్లు ఆ గొంతును నెత్తిన పెట్టుకున్నారు, మంచిదే. కానీ ఆ గొంతు వెనక ఒక సంగీత దర్శకుడున్నాడు. నూరు సినిమాల దాకా బాణీలు కట్టినవాడు. ఆయనకు రావలసిన మర్యాద ఇంకా బాకీ ఉంది. ఈ మాట నాకు చాలా ఏళ్లుగా గొంతులో ఉంది.

డిసెంబరు 7, ఆదివారం

వర్ధంతి రోజు నువ్వే రెండు ముక్కలు మాట్లాడాలన్నారు సారు. అందుకని అటక మీంచి పుస్తకాలు, పేపరు కత్తిరింపులు దించాను.

తండ్రి సూరయ్య గారు. నారాయణ తీర్థుల తరంగాలు పాడుతూ, మృదంగం వాయిస్తూ పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని భజనలకు పోయేవారు. తరంగాలకు చిన్నవాడు చిందులేస్తుంటే జనం బాలభరతుడన్నారు. తండ్రి తొందరగా పోయారు. సంగీతం నేర్చుకోమని ఆయన చివరిగా కోరిన కోరిక కొడుకు మనసులో ఉండిపోయింది. వేలి ఉంగరం అమ్మి ఆ డబ్బుతో విజయనగరం బండెక్కాడు. అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల. చూసుకునేవాళ్లు లేని కుర్రాడికి పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి చదువు చెప్పారు. కడుపు నింపుకోవడానికి జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దూకి బళ్లారి అలీపురం జైలులో ఉన్నాడు. బయటికొచ్చాక 1944లో సావిత్రమ్మ గారితో పెళ్లి. సముద్రాల రాఘవాచార్య గారి మాట మీద మద్రాసు. 'సీతారామ జననం'లో బృందగానంలో ఒక గొంతు. 1945లో 'స్వర్గసీమ'లో భానుమతి గారితో యుగళగీతం.

ఇదంతా అందరికీ తెలిసిందే. జోలె కథ ప్రతి ఆరాధనోత్సవంలోనూ చెప్తారు, విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ తర్వాతి నాలుగేళ్ల గురించి ఎవరూ చెప్పరు. నాకు ఆ నాలుగేళ్లే ముఖ్యం.

1945 నుంచి 1949 దాకా ఆయన పాడుతూనే పని నేర్చుకున్నారు. 1948లో 'బాలరాజు'కు గాలిపెంచల నరసింహారావు గారి పక్కన ఉన్నారు. సంగీత దర్శకుడి సహాయకుడంటే ఏమిటో సినిమా పాటను దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలుస్తుంది. బాణీ పుట్టినప్పుడు దాన్ని స్వరాల్లో పట్టుకోవాలి. గాయనికి నేర్పాలి. వయొలిన్ వాళ్లకు, వేణువు వాళ్లకు ఎవరి ముక్క వాళ్లకు పంచాలి. రికార్డింగులో ఎక్కడ తప్పు దొర్లినా పట్టుకునే చెవి ఉండాలి. అన్నీ అయ్యాక పేరు ఇంకొకరిది. విజయనగరంలో శాస్త్రీయ సంగీతం వచ్చింది, మద్రాసులో ఈ చాకిరీ వచ్చింది. రెండూ కలిస్తేనే సంగీత దర్శకుడు.

1949లో రెండు సినిమాలు వచ్చాయి. కృష్ణవేణి గారు నిర్మించిన 'మన దేశం' ఒకటి. నందమూరి రామారావు మొదటిసారి తెరమీద కనబడిన సినిమా అదే కాబట్టి అందరూ ఆ ముక్కే చెప్తారు. ఆ సినిమా టైటిళ్లలోనే సంగీతం ఘంటసాల అని పడింది. రెండోది 'కీలుగుర్రం'. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు.

డిసెంబరు 19, శుక్రవారం

ఇవాళ జరిగింది రాసుకోవాలి.

ఎయిర్‌పోర్టు పక్కనే ఏరోస్పేస్ పార్కులో ఫ్రెంచి వాళ్ల సఫ్రాన్ సంస్థ విమానాల ఇంజన్లు బాగుచేసే కేంద్రం పెట్టింది. పోయిన నెల 26న ప్రధాని ప్రారంభించారు. 1,300 కోట్ల పెట్టుబడి, 2035 కల్లా ఏడాదికి 300 లీప్ ఇంజన్లు విప్పి బాగుచేసే సత్తా ఉంటుందట. అటువైపు సామాను వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఫ్రెంచి ఇంజనీర్లు అప్పుడప్పుడు మా వాళ్లకు తగులుతారు. ఇవాళ ఒకాయన, అరవై దాటిన మనిషి, పెట్టె కోసం మా దగ్గర చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. నా ఫోనులో సన్నగా పాట మోగుతోంది. ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఈయనే పాడేవాడు, ఈయనే బాణీలు కట్టేవాడు అన్నాను. వెంటనే తన ఫోను తీసి, మాకూ ఒకాయన ఉన్నాడు అంటూ పాట పెట్టాడు. షార్ల్ అజ్నవూర్.

ఇంటికొచ్చి చదివాను. 1924 మే 22న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ప్రాణాలు దక్కించుకుని వచ్చిన ఆర్మేనియన్లు. చిన్నప్పుడే నాటకాల్లోకి దిగాడు. గాయని ఎడిత్ పియాఫ్ దగ్గర చేరి, ఆమె వెంట ఊళ్లు తిరిగి, ఆమెకు పాటలు రాశాడు. మొదట్లో పత్రికలవాళ్లు ఆ గొంతు పాటకు పనికిరాదన్నారు. ఆ బొంగురు గొంతుతోనే డెబ్బయ్యేళ్లు పాడాడు. వెయ్యికి పైగా పాటలు, చాలావాటికి మాటా బాణీ ఆయనవే. 2018 అక్టోబరు 1న తొంభై నాలుగేళ్ల వయసులో పోయాడు. పోవడానికి ముందు నెలలో కూడా జపాన్‌లో కచేరీ చేశాడు. పారిస్‌లో ఇన్వలీద్ ప్రాంగణంలో దేశాధ్యక్షుడు నిలబడి జాతీయ గౌరవంతో సాగనంపారు. ఆర్మేనియా వాళ్ల దుదుక్ వాయిద్యం మోగుతుండగా శవపేటికను ప్రాంగణంలోకి తెచ్చారు.

నా మనసుకు పట్టింది వేరే సంగతి. ఆ ఇంజనీరు పాట పెట్టిన ప్రతిసారీ ముందు ఇది ఎవరు రాశారు, ఎవరు కట్టారు అని చెప్పాడు. ఆ తర్వాతే ఎవరు పాడారన్నది. ఒక పాటను అజ్నవూర్ రాశాడు, పియాఫ్ పాడింది అన్నాడు. అలా చెప్పడం అక్కడ మామూలట. పాట రాసినవాళ్లకు, కట్టినవాళ్లకు ఎక్కడ మోగినా డబ్బు వసూలు చేసి పంచే సంఘం ఫ్రాన్సులో 1851లోనే మొదలైంది. పేరు గుర్తుంటేనే కదా డబ్బు చేరేది. మన దగ్గర బాణీ కట్టిన మనిషికి ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోవడమే ఆనవాయితీగా ఉండేది. పాట మోగిన ప్రతిసారీ కవికి, సంగీత దర్శకుడికి వాటా వదులుకోలేని హక్కుగా రావడం 2012లో కాపీరైటు చట్టం సవరించాకే. ఘంటసాల పోయిన ముప్పై ఎనిమిదేళ్లకు.

డిసెంబరు 28, ఆదివారం

మండలిలో మళ్లీ వాదన. ఇవాళ చేత్తో కాగితం పట్టుకుపోయాను.

విజయా వాళ్ల సినిమాలే తీసుకుందాం. 1951లో 'పాతాళ భైరవి', 1952లో 'పెళ్ళి చేసి చూడు', 1954లో 'చంద్రహారం', 1957లో 'మాయాబజార్', 1962లో 'గుండమ్మ కథ'. అన్నింటికీ సంగీతం ఘంటసాల. తెలుగు సినిమా బంగారు రోజులని చెప్పుకునే కాలంలో సగం ఆయన హార్మోనియం మీంచి వచ్చిందే.

'పాతాళ భైరవి'లో తోటరాముడి మీద జాలిపడే పాట ఒకటుంది. ఊళ్లలో ఇప్పటికీ పాడతారు. అది ఘంటసాల పాడిందని మా క్యాబ్ అన్న పందెం కాయబోయాడు. పాడింది వి.జె.వర్మ. సంగీత దర్శకుడు తానే, తెలుగునాట అప్పటికే మంచి గొంతని పేరు తనదే, మైకు ముందు నిలబడితే కాదనేవాడు లేడు. అయినా ఆ పాట ఇంకొకరికిచ్చాడు. హీరో గురించి ఎవరో బయటివాళ్లు జాలిపడి చెప్పుకునే పాట అది. హీరోకు పాడే గొంతే దాన్నీ పాడితే బయటి మనిషి లేకుండా పోతాడు. గాయకుడి ఆశను సంగీత దర్శకుడి బుద్ధి గెలిచిన చోటు అది.

'మాయాబజార్' సంగతి న్యాయంగా చెప్పాలి. ఆ సినిమాకు మొదట సాలూరి రాజేశ్వరరావు గారు కూర్చున్నారు. నాలుగు పాటల బాణీలు కట్టి తప్పుకున్నారు. నౌకా విహారం పాట ఆయన బాణీయే. ఆ నాలుగింటికీ వాద్యాలు కూర్చి రికార్డు చేసిందీ, మిగిలిన పాటలూ పద్యాలూ కట్టిందీ ఘంటసాల. రాజేశ్వరరావు గారికి దక్కాల్సింది ఆయనకు దక్కాలి. ఘంటసాలను మోయడానికి ఇంకొకరిని దించనక్కర్లేదు.

పెళ్లి విందు ముందు ఎస్వీ రంగారావు పాట మాధవపెద్ది సత్యంది. ఆ ఆకారానికి ఆ గొంతే సరి. మాయా శశిరేఖ పాట ఇంకా గమ్మత్తు. పైకి సావిత్రి, లోపల ఘటోత్కచుడు. పాట సుశీల గారిది. ఆడపిల్ల వయ్యారంగా పాడుతూ పాడుతూ ఉండగా లోపలి మగవాడు ఒళ్లు మరిచి బయటపడతాడు. అక్కడ మాత్రం ఘంటసాల గొంతు పలుకుతుంది, పలికి మళ్లీ దాక్కుంటుంది. సినిమాలో ఎంత పెద్ద గాయకుడైనా ఆ సన్నివేశానికి కావలసింది ఆ కాసింత గొంతే అని తేల్చిన మనిషి కూడా ఆ గాయకుడే.

అందరూ విన్నారు. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "సరే, సగం నీ కాగితంలయి పెట్టుకుందాం. జనం లేచిపోతే నీదే పూచీ" అన్నారు. పూచీ నాదే అన్నాను.

2026 జనవరి 9, శుక్రవారం

తెల్లవారుజామున షార్జా విమానంలో ఒక పెట్టె దిగింది. మా వాళ్లు దాన్ని మిగతా సరుకుల కాగితాల్లా చూడరు. పక్కన పెట్టి ముందు పంపిస్తారు. జగిత్యాల వైపు మనిషి. కూలి పనికి పోయాడు. కార్గో గేటు బయట అన్నదమ్ములు, బామ్మర్ది చలికి తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డారు. గల్ఫ్ నుంచి ఇలా తిరిగొచ్చేవాళ్లను ఊరు చేర్చడానికి సర్కారు అంబులెన్సు ఇస్తుంది. పెట్టె ఎక్కించాక డ్రైవరు తమ్ముడు బండి స్టార్ట్ చేసి ముందు చేసిన పని భగవద్గీత పెట్టడం. ఘంటసాల గొంతు.

"ఇప్పటి సంది ఎందుకు తమ్మీ, ఊరు ఇంకా నాలుగ్గంటల దూరముంది గదా" అన్నాను.

"పెట్టకుంటే ఇంటోళ్ల మనసు ఒప్పదన్నా. మనోడు మనూరికొస్తున్నడని ఇది వింటేనే వాళ్లకు తెలుస్తది" అన్నాడు.

ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. పరాయి దేశంలో పోయి, కాగితాల మీద ఒక నంబరుగా దిగిన మనిషికి సొంత భాషలో మొదట పలికిన గొంతు అది.

కానీ ఈ నోటుబుక్కులో ఒక మాట రాసుకుంటాను. ఆ గీతను తెలుగువాళ్లు చావుకు కట్టేశారు. పొద్దున్నే ఎవరింట్లోనైనా వినబడితే ఎవరు పోయారని అడుగుతారు. మా ఇంట్లోనే పిల్లలు ఆపెయ్యమంటారు. ఆయన దాన్ని శవయాత్ర కోసం పాడలేదు. ఒళ్లంతా చక్కెర జబ్బు, గుండె బలహీనత, అయినా కూర్చుని శ్లోకం శ్లోకానికీ రాగం ఎంచుకున్నారు. వెనక వాద్యాలు శ్లోకాన్ని తొక్కకుండా పొదుపుగా పెట్టారు. సంస్కృతం రానివాడికి కూడా అందేలా తెలుగు తాత్పర్యం వెంటనే చెప్పారు. రణరంగం మధ్య నిలబడి చేతులు వణుకుతున్న బతికున్న మనిషికి చెప్పిన మాటలవి. ఆ హెచ్.ఎం.వి. రికార్డు బయటికి వచ్చేసరికి ఆయన లేరు. అది వినవలసింది పని మొదలుపెట్టబోయే పొద్దుటిపూట.

జనవరి 15, గురువారం

సంక్రాంతి. తమ్ముడి ఇంటికి పోయి వచ్చాం. పాత ఊరు, పొలం రెండూ ఎయిర్‌పోర్టు కంచె లోపలికి పోయాయి. 2008 మార్చి 23న ఇక్కడ మొదటి విమానాలు తిరగడం మొదలయ్యేసరికి మా నాయన బావి ఎక్కడుండేదో గుర్తుపట్టే ఆనవాలు లేదు. ఆ బావి గట్టు మీద మర్ఫీ రేడియో పెట్టుకుని మోట కొట్టేవాడు నాయన. మోట పాటకు, రేడియో పాటకు లయ కుదిరితే రేడియోతో పాటు పాడేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. ఘంటసాల ఏ జిల్లావాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. కృష్ణా జిల్లా మనిషి పాడిన పద్యం రంగారెడ్డి జిల్లా రైతుకు మాట మాటా అర్థమయ్యేది, నిఘంటువు లేకుండా.

జనవరి 25, ఆదివారం

రిహార్సల్. ఇవాళ పద్యం పట్టుకున్నాం.

క్యాబ్ అన్న నాయన వీధి నాటకాల్లో కృష్ణుడు కట్టేవాడు. అన్న గొంతులో ఆ నాటకం ఉంది. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' ఎత్తుకోగానే మొదటి మాటకు ముందే పెద్ద రాగం తీశాడు, పాదం పాదానికీ చివర మళ్లీ తీశాడు. గట్టి గొంతు, బాగుంది. కానీ పువ్వు మాట్లాడుతున్నట్టు లేదు.

పాత నాటకంలో మైకు లేదు. వెనక వరసలో చెట్టు కింద కూర్చున్నవాడికి వినబడాలి. హార్మోనియం శ్రుతి మీద ఊపిరి బిగబట్టి రాగం లాగితేనే వన్స్‌మోర్. ఆ కాలానికి అదే సరైన పద్ధతి. ఘంటసాల పద్యాన్ని మైకు ముందుకు తెచ్చారు. మైకు దగ్గరి చెవి. దాని ముందు అరవనక్కర్లేదు, చెప్పాలి. ఆయన పద్యంలో ఊపిరి తీసే చోటు చూడండి. గణాలు విరిగే చోట కాదు, మాట అర్థం పూర్తయ్యే చోట తీస్తారు. యతి స్థానం దాటి మాట పోతుంటే ఆయనా దాటిపోతారు. ద్విత్వాక్షరం మీద చిన్న ఒత్తు, పిలుపు దగ్గర గొంతు మెత్తబడటం, రాగం చివర్లో, అదీ భావం ఎంత అడిగితే అంత. ఆ రోజుల రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే. ఆ ఇరుకులో ఒక్క గమకం కూడా ఊరికే పోనివ్వలేదు.

అన్నను కూర్చోబెట్టి ముందు పద్యాన్ని మామూలు మాటల్లా చదివించాను. కోపంగా ఒకసారి, ఏడుపుతో ఒకసారి, బతిమాలుతూ ఒకసారి. మూడోసారి చదువుతుంటే ఆయన గొంతే తగ్గింది. "ఇగ రాగం తియ్యి" అన్నాను. ఎంత తియ్యాలో చెప్పనక్కర్లేకుండా తీశాడు.

తర్వాత మా మండలిలో పాడే అక్కాచెల్లెళ్లిద్దరి చేత 'లవకుశ' పాట. 1963 మార్చిలో విడుదలైన సినిమా. డబ్బు లేక షూటింగు ఏళ్ల తరబడి ఆగిపోతే, సి.పుల్లయ్య మొదలుపెట్టినదాన్ని కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేశారు. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. రాముడికి ఘంటసాల పాడారు, లవకుశులకు లీల, సుశీల. రెండు గొంతులు, రెండు స్వభావాలు, ఇద్దరూ పెద్దవాళ్లు. కవలపిల్లలు ఒక్క గొంతుగా వినబడాలి. అందుకని గొప్ప సంగతులు పెట్టకుండా, కథ చెప్పే నడకలో, పల్లెటూరి పిల్లవాడు కూడా పట్టుకోగల బాణీ కట్టారు. నర్కూడ దగ్గర అమ్మపల్లి రామాలయంలో శ్రీరామనవమికి మైకులో ఇప్పటికీ అవే పాటలు మోగుతాయి. కోనేటి మెట్ల మీద కూర్చున్న ముసలమ్మలు మొత్తం పాడగలరు. ఆ గుడిలో సినిమా షూటింగులు చాలా జరుగుతాయి, కొత్త పాటలు ఎన్నో తీస్తారు. ఆ ముసలమ్మల నోటికి వచ్చినవి మాత్రం ఇవే.

చిన్నమ్మాయి రెండో చరణంలో పెద్దదాన్ని మించి పాడబోతుంటే ఆపాను. ఈ పాటలో ఎవరూ గెలవకూడదని చెప్పాను. వెంటనే పట్టుకుంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

1970లో ఇదే రోజున హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన సినిమా పాటకు పాతికేళ్లు నిండినందుకు రజతోత్సవం చేశారు. ముప్పై వేల మందికి పైగా వచ్చారట. ఆ ఏడే పద్మశ్రీ. 1971లో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా తిరిగి కచేరీలు చేశారు. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండె నొప్పి వచ్చింది. కోలుకుని మళ్లీ పాడారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయారు. యాభై రెండేళ్లు నిండలేదు.

సంపాదించినదాంట్లో కొంత సినిమాలు తీసి పోగొట్టుకున్నారు. 'పరోపకారం', 'సొంతవూరు', 'భక్త రఘునాథ్'. వాటి గురించి ఎక్కువ రాయడానికి నాకు మనసు రావడం లేదు.

అజ్నవూర్‌కు తొంభై నాలుగేళ్లు దొరికాయి. ఈయనకు యాభై ఒకటి. ఇంకో పదేళ్లుంటే గీత తర్వాత ఏం కట్టేవారో అన్న ఆలోచన నన్ను వదలదు. సినిమా చట్రం దాటి, కథానాయకుడి పెదాల కదలికతో పని లేకుండా, గ్రంథాన్నే పాటగా మలిచే దారి అప్పుడే తెరిచారు. ఆ దారిలో ఆయనది ఒక్క అడుగే పడింది.

ఫిబ్రవరి 11, బుధవారం

పొద్దున డ్యూటీ చేసి మధ్యాహ్నం సెలవు పెట్టాను. ఫంక్షన్ హాలు నిండింది. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. విమానం ఎగిరినప్పుడల్లా రేకుల కప్పు అదిరింది, పాడేవాళ్లు ఒక్క క్షణం ఆగి అందుకున్నారు.

ప్రతి పాటకు ముందు పెద్దసారు మూడు పేర్లు చదివారు. రాసినదెవరు, కట్టినదెవరు, పాడినదెవరు. "రచన పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, పాడినది వి.జె.వర్మ" అనగానే జనంలో గుసగుస. క్యాబ్ అన్న ఆ పాట మొదలుపెట్టగానే హాలు హాలంతా అందుకుంది. ఆ పాట పాడిందెవరో ఇన్నాళ్లూ తెలియని జనానికి పాట మాత్రం అక్షరం తప్పకుండా వచ్చు. 'లవకుశ' పాటకు ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. 'పుష్పవిలాపం' అయ్యాక వన్స్‌మోర్ అడిగారు, అన్న మళ్లీ పాడాడు, రాగం పెంచలేదు. ఎవరూ లేచిపోలేదు.

నేను మాట్లాడినది అయిదు నిమిషాలు. చివర చెప్పిన మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఊరూరా ఘంటసాల ఆరాధన చేసే మండళ్లకు, ఆర్కెస్ట్రాలు నడిపే అన్నదమ్ములకు నా మనవి. మీ పాటల పట్టికలో ఆయన బాణీ కట్టి ఇతరుల చేత పాడించినవి కూడా పెట్టండి. వి.జె.వర్మను, మాధవపెద్దిని, లీలను, సుశీలను, జిక్కిని ఆయన పేరుతో కలిపి తలచుకోండి. మైకు పట్టుకున్నప్పుడు గాయకుడి పేరుతో ఆగకండి. కవి పేరు, సంగీత దర్శకుడి పేరు చెప్పి, ఆ తర్వాతే పాట ఎత్తుకోండి.

వచ్చే డిసెంబరు 4 శుక్రవారం వస్తుంది. ఆ రోజు 'కీలుగుర్రం' పాటలు పాడాలని మండలిలో ఇవాళే తీర్మానించాం.